సూరత్‌లో మా వాడ
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను ఏ సరిహద్దు ముచ్చటో, ఏ మంచుకొండల కథో చెబుతాననుకున్నారు. "కాదండీ, సూరత్‌లో మా వాడ గురించి చెబుతాను" అన్నాను. ఆయన ఒక నిమిషం ఆగి, "సరే లెండి, భోజనాల వేళకు ముగించండి" అన్నారు. ఆ మాట నిలబెట్టుకుంటాను.

మన ఉద్యోగంలో ఇరుగుపొరుగు అనేది పోస్టింగ్ ఆర్డర్‌తో వస్తుంది, మూవ్‌మెంట్ ఆర్డర్‌తో పోతుంది. మూడేళ్లు ఒక క్వార్టర్‌లో ఉంటాం. పక్కింటి పంజాబీ వాళ్ల పరాఠా, ఎదురింటి మలయాళీల అవియల్ అలవాటయ్యే లోపల నల్ల ట్రంకు పెట్టె మీద కొత్త యూనిట్ పేరు పెయింట్ చేసుకుంటాం. అందుకని చాలామంది ఫౌజీలకు రిటైరయ్యాక ఒక చిత్రమైన ఇబ్బంది వస్తుంది. ఇల్లు దొరుకుతుంది గానీ వాడ దొరకదు. ఎదురింటి వారి పేరు నేమ్‌ప్లేటు మీద చదివి తెలుసుకోవడమే గాని నోటితో అడిగి తెలుసుకోవడం ఉండదు.

సర్వీసు మనకి ఒక గొప్ప విద్య నేర్పింది. అది చూడటం. సెంట్రీ డ్యూటీలో నిలబడ్డవాడికి నిన్న లేని రాయి ఇవాళ ఉంటే కనబడాలి. ఐతే అక్కడ చూసేది అనుమానంతో. అదే చూపును కాస్త స్నేహంగా మన వీధి మీదికి తిప్పితే ఎన్ని వింతలు కనబడతాయో మనవి చేస్తాను.

మొదటిది పక్షుల సంగతి. సూరత్‌లో తాపీ నది మీద రాందేర్ వైపు నుంచి సింగణ్‌పోర్ వైపుకి ఒక కాజ్‌వే ఉంది. చలికాలం పొద్దున్నే అక్కడికి వెళితే నీళ్ల మీద తెల్లగా వందలకొద్దీ సీగల్స్ కనబడతాయి. జనం స్కూటర్లు ఆపి, గాఠియా పొట్లాలు విప్పి గాల్లోకి విసురుతుంటారు. అవి కిందపడకుండానే ముక్కుతో అందుకుంటాయి. పిల్లలకి అదొక సర్కస్. ఎవరిని అడిగినా "సైబీరియా పక్షులు" అంటారు.

మన లద్దాఖ్ జవాన్లకి ఇక్కడ ఒక విశేషం ఉంది. ఈ గుంపుల్లో గోధుమరంగు తల ఉండే జాతి ఒకటుంది. అది ఎండాకాలంలో గుడ్లు పెట్టే చోట్లలో లద్దాఖ్, టిబెట్ సరస్సులు కూడా ఉన్నాయి. పాంగాంగ్ సరస్సు ఒడ్డున డ్యూటీ చేసినవాళ్లు ఆ పక్షిని చూసే ఉంటారు. కానీ సూరత్‌లో గుర్తుపట్టలేరు. ఎందుకంటే చలికాలంలో దాని తల మీది ఆ రంగు పోయి తల తెల్లబడుతుంది, చెవి దగ్గర ఒక చుక్క మాత్రం మిగులుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మళ్లీ తల రంగు తిరుగుతుంది. యూనిఫాం వేసుకుని వెళ్లిపోతాయన్న మాట. వాటికీ వింటర్ లొకేషన్, సమ్మర్ లొకేషన్ ఉన్నాయి. టీఏ, డీఏ మాత్రం లేవు.

ఇంకొక సంగతి. నూనెలో వేయించి ఉప్పు దట్టించిన గాఠియా ఆ పక్షులకి మంచి తిండి కాదు. నదిలో చేపలూ పురుగులూ ఉంటే వాటి రేషన్ అవే చూసుకుంటాయి. మా వీధి పిల్లలకి ఈ మాట చెబితే ఒకడు, "అయితే తాతగారూ, ఊరికే చూస్తే చాలా?" అన్నాడు. చాలు నాయనా. ఊరికే చూడటం కూడా ఒక పనే.

రెండోది చెవులతో చూసిన సంగతి. సూరత్‌లో ఉధనా, లింబాయత్ వైపు వెళితే పగలూ రాత్రీ ఒకటే చప్పుడు, మరమగ్గాలది. కొత్తగా వచ్చినవాళ్లకి రాత్రి నిద్ర పట్టదు. నెల తిరిగేసరికి కరెంటు పోయి చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది! వీధి వీధంతా లేచి కూర్చుంటుంది. రైల్వే క్వార్టర్లలో ఉన్నవాళ్లకి, ఎయిర్‌ఫీల్డ్ పక్కన కాపురమున్నవాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

ఆ సందుల్లో నడిస్తే తెలుగు వినబడుతుంది. గుజరాతీ కలిసిన తెలుగు కాదు, నికార్సైన కరీంనగర్, వరంగల్, నల్లగొండ తెలుగు. పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా షోలాపూర్‌కి, భివండికి, బొంబాయికి వెళ్లినట్టే సూరత్‌కీ వచ్చాయి. మార్కండేయుడి గుడి కట్టుకున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా నడిపింది. సొంత రాష్ట్రానికి ఇంత దూరంలో మునిసిపాలిటీ బడిలో అ, ఆలు దిద్దించడం చిన్న విషయం కాదు.

అక్కడొక ముసలి నేతపనివారితో నాకు పరిచయం. ఆయన మరమగ్గాన్ని "సాంచ" అంటారు. సిరిసిల్లలోనూ అదే మాట. గుజరాతీలో యంత్రాన్ని "సంచో" అంటారు. కుట్టుమిషన్ కూడా వాళ్లకి సంచోనే. "మాట మీ దగ్గర్నించి మాకొచ్చిందా, మా దగ్గర్నించి మీకెళ్లిందా?" అని ఒక గుజరాతీ సేఠ్ ఆయన్ని అడిగాడట. "మాట సంగతేమో గాని చేతులు మాత్రం మావే పోయినయి" అన్నారట ఈయన.

ఆ మాట వెనకాల చాలా ఉంది. మన ఊరి సంతలో తక్కువ ధరకి దొరికే పూల పాలియెస్టర్ చీర చాలాసార్లు సూరత్‌దే. ఆ చీర చౌక కావడం ఊళ్లో చేనేత మగ్గం ఆగిపోవడానికి ఒక కారణం. మగ్గం ఆగినందుకే ఆ నేతగాడు రైలెక్కాడు. రైలు దిగి మళ్లీ ఆ చౌక చీరే నేస్తున్నాడు. తన పనికి పోటీ తనే. మన ఇళ్లల్లో ఆడవాళ్లు చీర కొంటున్నప్పుడు రంగు, అంచు చూస్తారు. ఇకమీదట, ఇది ఎవరు నేశారో అని కూడా ఒక్క క్షణం అనుకుంటే చాలునని నా మనవి.

ఇక పండుగల సంగతి. ఆశ్వయుజ మాసంలో సూరత్ అంతా గర్బా. మధ్యలో చిల్లులున్న మట్టికుండలో దీపం, చుట్టూ స్త్రీలు చప్పట్లు కొడుతూ తిరుగుతారు. ఇంచుమించు అవే రోజుల్లో తెలుగు వాడల్లో బతుకమ్మ. మధ్యలో పూలదొంతర, చుట్టూ స్త్రీలు చప్పట్లు కొడుతూ తిరుగుతారు. ఒకసారి మా పక్కింటి గుజరాతీ ఆవిడ బతుకమ్మ చూడటానికి వచ్చి, తంగేడు పువ్వు చేతిలోకి తీసుకుని, "అరే, ఇది మా ఆవళ్ కదా! మా పొలం గట్ల మీద పిచ్చిగా పెరుగుతుంది. దీన్ని దేవతని చేశారా!" అంది. పది నిమిషాల్లో చెప్పులు విప్పి వరసలో చేరిపోయింది. అడుగు ఒక్కటీ తప్పలేదు. పాట రాదు కాబట్టి చప్పట్లతోనే సరిపెట్టింది.

చలికాలంలో ఇంకో ముచ్చట. అడాజణ్ వైపు రోడ్డు పక్కన బళ్ల మీద పచ్చగా ముత్యాల్లాంటి గింజలు పోసి అమ్ముతారు. పోంక్ అంటారు. లేత జొన్న కంకుల్ని నిప్పుల మీద కాల్చి రాల్చిన గింజలవి. సన్న కారప్పూస, నిమ్మకాయ కలిపి తింటారు, వడలు కూడా వేస్తారు. సూరత్ వాళ్లకి అది ప్రాణం. "మీ దేశంలో ఇది ఉండదు" అని నాకు గర్వంగా పొట్లం చేతికిచ్చారు. నోట్లో వేసుకోగానే మా అమ్మ చేటలో పోసి ఊదిన ఊచబియ్యం జ్ఞాపకం వచ్చింది. అవే లేత జొన్నలు, అదే పొగవాసన. మనం ఊచబియ్యం మరిచిపోయాం. వాళ్లు పోంక్‌కి ఏటా ఎదురుచూస్తారు. ఉన్నదాన్ని గౌరవంగా అమ్ముకోవడం కూడా గుజరాతీల దగ్గర నేర్చుకోవలసిన విద్య.

ఇంతవరకూ సరదా సంగతులు చెప్పాను. వాడని చూడటం ఎందుకు అవసరమో చెప్పే అసలు సంగతి ఇప్పుడు చెబుతాను.

2006 ఆగస్టు. తాపీ ఎగువన వానలు కుండపోతగా కురిశాయి. సూరత్‌కి సుమారు వంద కిలోమీటర్ల ఎగువన ఉకాయ్ ఆనకట్ట ఉంది. దాన్నుంచి దాదాపు 9 లక్షల క్యూసెక్కుల దాకా నీరు దిగువకి వచ్చింది. ఏడో తారీఖు నుంచి నగరం మునగడం మొదలయింది. నగరంలో చాలా భాగం నీళ్లలో ఉండిపోయింది. ఆగస్టు 9 శ్రావణ పౌర్ణమి. గుజరాతీలకి రాఖీ. మన పద్మశాలీలకి నూలు పున్నమి. పౌర్ణమి పోటు వల్ల సముద్రం కూడా నది నీటిని తొందరగా తీసుకోదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, తాగడానికి నీళ్లు లేవు, చుట్టూ మాత్రం నీళ్లే.

మా సందులో కింది అంతస్తులు మునిగాయి. అందరం డాబాల మీదికి చేరాం. హిందువులు, ముస్లిములు, ఒడియావాళ్లు, మరాఠీవాళ్లు, మేమూ. సైన్యం, నౌకాదళం, వైమానికదళం సహాయానికి దిగాయి. రబ్బరు పడవ ఒకటి మా సందులోకి వచ్చింది. పడవలో ఉన్న హవల్దారు కిందనించి అడిగింది రెండే ప్రశ్నలు. "ముందు ఎవరిని తీయాలి? మంచం పట్టినవాళ్లు, గర్భిణులు, చంటిపిల్లలు ఏ ఇంట్లో?"

చదువుకున్నవాళ్లు, ఆఫీసర్లు, వ్యాపారస్తులు, ఏళ్లకేళ్లు అదే సందులో ఉంటున్నవాళ్లు అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. జవాబు చెప్పింది మాకు కూరగాయలు తెచ్చే శాకవాలీ బెన్. ఆవిడ బండి కొట్టుకుపోతే మూడో ఇంటి డాబా ఎక్కింది. అక్కడ నిలబడి చేయి చూపిస్తూ చెప్పుకుపోయింది. "ఆ నీలం గేటు ఇంట్లో కోడలికి తొమ్మిదో నెల. దాని పక్కింట్లో దాదాకి చక్కెర జబ్బు, సూదులు కావాలి. చివర ఇంట్లో మాసీకి చెవులు వినబడవు, పిలిస్తే పలకదు, తలుపు తట్టండి." ఆవిడకి చదువు రాదు. మా సందు మొత్తం ఆవిడకి కంఠతా వచ్చు. ఎవరింట్లో మెంతికూర మానేశారో, ఎవరింట్లో కాకరకాయ మొదలయిందో, ఎవరు పుల్లటి చింతకాయ అడుగుతున్నారో, దాన్నిబట్టి ఆవిడకి ఇంటింటి ఆరోగ్యం తెలుసు. మన ఇంటెలిజెన్సు విభాగం దీన్ని ఏమంటుందో నాకు తెలుసు. మీకూ తెలుసు.

రెండోవాడు ఒక కుర్ర నేతగాడు. వాళ్ల ఖాతాలోంచి పైకి చేర్చిన నూలు కోన్లు నాలుగైదు డాబా మీద ఉన్నాయి. ఆ పాలియెస్టర్ దారం పోగులు కలిపి, ముప్పేట పేని, తాడు చేశాడు. డాబా నుంచి డాబాకి ఆ తాడు మీద బకెట్టు నడిచింది. పాల ప్యాకెట్లు, మందులు, పిల్లల బిస్కెట్లు దాని మీదే వెళ్లాయి. పౌర్ణమినాడు ఎదురు డాబా నుంచి ఒక గుజరాతీ పిల్ల అదే బకెట్లో అతనికి రాఖీ పంపింది. రాఖీ అంటే ఏమీ లేదు, ఆ దారం ముక్కే, ముడివేసి. అతను వేరే బకెట్టు కోసం చూడకుండా అందులోనే రెండు అరటిపళ్లు పెట్టి పంపాడు. నూలు పున్నమికి అంతకంటే మంచి పండుగ నేను చూడలేదు.

వరద తగ్గాక అందరికీ ఒక సంగతి అర్థమైంది. రక్షణ అంటే సరిహద్దు దగ్గర మొదలై అక్కడితో ఆగిపోయేది కాదు. పడవ ఎంత వేగంగా వచ్చినా, ఏ తలుపు తట్టాలో చెప్పేవాళ్లు లేకపోతే ఆ పడవ సందు మొదట్లోనే తిరుగుతుంది.

ఇదే సూత్రం నగరానికంతటికీ వర్తిస్తుందని సూరత్ చరిత్రలోనే ఉంది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు పుట్టిందన్న వార్త దేశాన్ని కుదిపేసింది. లక్షల మంది రైళ్లలో, బస్సుల్లో ఊరు విడిచి పారిపోయారు. మరుసటి ఏడాది, 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చినవారు మన తెలుగువారే, సూర్యదేవర రామచంద్రరావుగారు. ఎస్.ఆర్.రావు అంటే సూరత్‌లో ఇప్పటికీ పెద్దవాళ్లు లేచి మాట్లాడతారు. ఆయన చేసినదాంట్లో మంత్రం ఏమీ లేదు. అధికారులు పొద్దున్నే ఆఫీసు గదుల్లో కాకుండా వీధుల్లో ఉండాలన్నారు. ఏ వార్డులో చెత్త ఎక్కడ పేరుకుంటోంది, ఏ కాలువ ఎక్కడ పొంగుతోంది, రోజూ కళ్లతో చూసి అదే రోజు సరిచేయాలన్నారు. రాత్రిపూట వీధులు ఊడ్పించారు. కొద్ది కాలంలోనే సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. ఆయనకి 1998లో పద్మశ్రీ వచ్చింది. ఆ అలవాటు ఆయనతో పోలేదు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇందోర్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచింది. ప్లేగు ఊరని పేరు పడ్డ ఊరు మూడు దశాబ్దాలు తిరగకుండా ఆ స్థానానికి చేరింది. దానికి పునాది పొద్దున్నే నడిచి చూడటం.

చూడకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. మనకి సంక్రాంతి, వాళ్లకి ఉత్తరాయణ్. జనవరి 14న సూరత్ ఆకాశమంతా గాలిపటాలే. దానికి వారాల ముందే రోడ్ల పక్కన చక్రాలు పెట్టి, గులాబీ రంగు పూసి మాంజా తయారుచేస్తారు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ గాజుపొడి పట్టించిన ఆ దారం సాయంత్రం గూటికి తిరిగొచ్చే పావురానికీ, కొంగకీ కనబడదు. స్కూటర్ మీద వెళ్లేవాడి మెడకీ కనబడదు. అందుకే ఆ రోజుల్లో సూరత్‌లో బళ్ల హ్యాండిళ్లకి ఇనుప తీగ వంచి కట్టుకుంటారు. గుజరాత్ ప్రభుత్వం 2017 నుంచి ఏటా ఆ రోజుల్లో గాయపడ్డ పక్షుల కోసం కరుణా అభియాన్ నడుపుతోంది. పండుగ మానమని ఎవరూ అనరు. మా వీధిలో పిల్లలు ఒక కట్టుబాటు చేసుకున్నారు. పొద్దున్నే, సాయంత్రం, పక్షులు తిరిగే రెండు వేళల్లో పటం ఎగరేయరు. మర్నాడు చెట్లకి, తీగలకి వేలాడే దారాలన్నీ ఏరి చుట్ట చుడతారు. ఎక్కువ చుట్ట తెచ్చినవాడికి చిక్కీ బహుమతి. మొదటి ఏడాది చుట్ట గుమ్మడికాయంత అయింది. ఆ గుమ్మడికాయలో ఎన్ని పక్షుల ప్రాణాలు ఉండి ఉంటాయో పిల్లలకి విడిగా చెప్పాల్సిన పని పడలేదు.

మిత్రులారా, భోజనాల వేళ దగ్గరపడింది. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. రెండు మనవులు చేసి ముగిస్తాను.

మొదటిది. మనం ఏ ఊళ్లో స్థిరపడినా మన వీధికి ఒక చిన్న రిజిస్టర్ పెట్టుకుందాం. డ్యూటీ రిజిస్టర్ పెట్టడం మనకి కొత్త కాదు. ఏ ఇంట్లో ముసలివాళ్లు ఒంటరిగా ఉన్నారు, ఎవరికి ఏ మందు తప్పకూడదు, నర్సు ఎవరు, ఈత ఎవరికి వచ్చు, పొడుగాటి తాడు, నిచ్చెన ఎవరింట్లో ఉన్నాయి. రెండు పేజీలు చాలు. ఊరికే అడిగితే జనం అనుమానపడతారు కాబట్టి ఒక కప్పు టీ తాగుతూ, ముందు మన ఇంటి సంగతి చెప్పి తరవాత వాళ్లది అడగాలి. కూరగాయల బండి అమ్మాయినీ, పాలవాణ్నీ, వాచ్‌మన్‌నీ మర్చిపోకండి. సగం రిజిస్టర్ వాళ్ల దగ్గరే తయారుగా ఉంటుంది.

రెండోది పిల్లల గురించి. మన పిల్లలు మూడేళ్లకొక బడి మారి, హిందీ, ఇంగ్లీషు బాగా నేర్చుకుంటారు. తెలుగు చదవడం దగ్గర తడబడతారు. పద్యాలు బట్టీ పట్టించి భయపెట్టకుండా ఒక పని చేయండి. వారానికి ఒకసారి, వీధిలో తాము చూసిన ఒక కొత్త సంగతి తెలుగులో నాలుగు వాక్యాలు రాయమనండి. పక్షో, చెట్టో, పక్కింటివాళ్ల పండుగో, ఏదైనా సరే. తప్పులుంటే ఉండనీయండి. అందులో మంచివి వచ్చే ఏడాది ఈ సంచికలోనే వేద్దాం. చూడటమూ వస్తుంది, తెలుగూ నిలుస్తుంది.

లింబాయత్‌లో ఆ ముసలి నేతపెద్ద ఒకసారి నాతో అన్నారు: "పడుగు ఒక్కటే ఉంటే అవి దారాలు సార్. పేక కూడా పడితేనే బట్ట." మనమంతా దేశం ఈ చివర నుంచి ఆ చివరకి పొడుగ్గా తిరిగినవాళ్లం. ఇక అడ్డంగా, వీధిలో ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి తిరగడం మొదలుపెడదాం.

 జై హింద్.